కుప్పంలో నేను చుట్టిన మోటారు

మదనపల్లెలో మా కాలేజీ అంతకుముందు పట్టుదారం తీసే షెడ్డు. యంత్రాలు అమ్మేశారు గానీ ఉడికిన పట్టుగూళ్ళ వాసన మాత్రం గోడల్లోనే ఉండిపోయింది. వాన పడితే ఆ వాసన లేచి కూర్చునేది. కొత్తగా చేరినవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, పాతవాళ్ళు నవ్వేవాళ్ళు.

గేటు మీద 'కమ్యూనిటీ కాలేజీ' అని రాసిన బోర్డు ఉండేది. ఆ మాటకు అర్థం ఏమిటో ఊళ్ళో ఎక్కువమందికి తెలీదు. ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గర దానికి వేరే పేరు పెట్టుకున్నారు: టెన్త్ ఫెయిలైనోళ్ళ కాలేజీ. అందులో అబద్ధం కూడా లేదు. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళకు ఏడాదిలో ఏదో ఒక పని నేర్పి పంపడమే ఆ కాలేజీ ఉద్దేశం. కుట్టుపని, ఆస్పత్రిలో నర్సులకు సాయం చేసే పని, కంప్యూటరు, మోటారు వైండింగు, ఇవీ కోర్సులు. నేను పదో తరగతి లెక్కల్లో తప్పాను కాబట్టి అక్కడ చేరడానికి నాకు అన్ని అర్హతలూ ఉన్నాయి.

మాది కురబలకోట దగ్గర ఒక చిన్న పల్లె. అమ్మ కూలికి పోయేది, నాన్న ఊరివాళ్ళ గొర్రెలు మేపేవాడు. నన్ను పుంగనూరుకిచ్చి పెళ్ళి చేశారు. మా ఆయన పుంగనూరు, మదనపల్లె మధ్య ఆటో తోలేవాడు. ఇంట్లో పెద్దదిక్కు మా అత్త. మామ ఎప్పుడో పోయాడు. ఊరి బయట చిన్న చేను, అందులో ఒక బోరు, అత్త ప్రాణమంతా ఆ రెండింటిలోనే ఉండేది.

నేను కాపురానికి వచ్చిన మరుసటి ఎండాకాలం అత్త టమాటా పెట్టింది. చెట్లు నిండుగా కాపు మీదుండగా బోరు మోటారు కాలిపోయింది. ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు వస్తుందో, వచ్చినా ఎంత బలంగా వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. అందుకే ఎండాకాలం వచ్చిందంటే మోటార్లు వరసబెట్టి కాలేవి. పుంగనూరులో మోటార్లు బాగుచేసే ఆయన కొట్టు ముందర మా మోటారు కూడా వరసలో పడింది. పాపం ఆయన మాత్రం ఎన్ని చేతులతో చేస్తాడు! "రేపు రామ్మా, ఎల్లుండి రామ్మా" అంటూ ఉండగానే ఇక్కడ చెట్లు ఆకులు ముడుచుకున్నాయి, తర్వాత కాయలు వాడిపోయాయి. మోటారు తిరిగి వచ్చిన రోజున అత్త చేనుగట్టు మీద కూర్చుని ఎండిపోయిన కొమ్మ ఒకటి చేత్తో నలుపుతూ ఉంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"మోటారు కాల్తే ఊరంతా పోయి ఆయప్ప ముందర నిలబడాల్సొస్తాండాది," అంది. "మనింట్లో ఒకరికి ఆ పని వస్తే ఎట్లుంటాది?"

ఆ ప్రశ్న నన్నే అడుగుతోందని నాకు అప్పుడు తట్టలేదు.

కొన్నాళ్ళకు నన్ను కాలేజీలో కుట్టుపనికి చేర్పిద్దామని ఇంట్లో అనుకున్నాం. అత్త నాతోపాటు మదనపల్లె వచ్చింది. ఆఫీసులో పేర్లు రాసుకునే గుమాస్తా ఏయే కోర్సులున్నాయో చదివి వినిపించాడు. మోటారు వైండింగు అనే మాట వినగానే అత్త చెయ్యి పైకెత్తింది.

"అదే, అదే! మా కోడలికి అది రాయండి."

గుమాస్తా నవ్వాడు. "అమ్మా, అది మగపిల్లోళ్ళ కోర్సు. కుట్టు రాస్తాలే."

"కుట్టు నాకొచ్చు, నేనే నేర్పిచ్చుకుంటా. దీనికి మోటారు పని నేర్పియ్యండి."

"ఆడ ఆడోళ్ళు ఎవరూ లేరమ్మా."

"లేకుంటే ఇదే మొదులు. రాసుకోప్పా."

గుమాస్తా నా వైపు చూశాడు. నన్నడిగుంటే నేను కుట్టు అనే చెప్పి ఉండేదాన్ని. కానీ నోరు తెరిచేలోగా పక్కగదిలోంచి ప్రిన్సిపాల్ మేడం వచ్చింది. ఆమె కోస్తా వైపు నుంచి వచ్చినామె, ఎప్పుడూ పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేది. సంగతంతా విని, "మహిళలు చేరకూడదని ఎక్కడా నియమం లేదు కదా," అంది. నా పేరు ఆ కోర్సులో పడింది. బస్సులో ఇంటికి వస్తూ దారి పొడుగునా నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. అత్త మాత్రం ఏమీ జరగనట్టు చెనక్కాయలు ఒలిచి నా ఒళ్ళో వేస్తూనే ఉంది.

ప్రిన్సిపాల్ మేడంకి ఒక అలవాటు ఉండేది. గేటు పక్క గోడకు నల్లరంగు వేయించి, ప్రతి సోమవారం దానిమీద సుద్దముక్కతో కాలేజీ వార్తలు రాసేది. కుట్టు విభాగం వాళ్ళు ఫలానా బడికి యూనిఫారాలు కుట్టి ఇచ్చారని, పోయిన ఏడాది చదివిన అమ్మాయికి ఆస్పత్రిలో ఉద్యోగం దొరికిందని, పెరట్లో వేసిన మునగచెట్టు మొదటిసారి కాయలు కాసిందని కూడా. టీ తాగుతూ ఆ గోడ చదవడం బంకు దగ్గరవాళ్ళకు కాలక్షేపం. నేను చేరిన వారం ఆ గోడమీద, 'మోటారు వైండింగు విభాగంలో తొలి మహిళ' అని పెద్ద అక్షరాలతో రాసింది. ఇంక చూడండి! బంకు దగ్గర అందరి కళ్ళూ నా మీదే. "తొలి మహిళ వస్తాండాది, జరగండప్పా," అని ఒకడు అంటే తక్కినవాళ్ళు పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవాళ్ళు, దొరసానికి ఇచ్చినట్టు. తల దించుకుని గేటు దాటేదాన్ని.

మా ఆయనకు అంతకంటే కష్టమైంది. ఆటో ఎక్కిన ప్రతివాడూ, "ఏమప్పా, నీ పెండ్లాం మోటార్లు సుడతాందంట గదా," అనేవాడట. కొన్నాళ్ళు నన్ను కాలేజీ ముందు దింపకుండా సందు మొదట్లోనే దింపి వెళ్ళిపోయేవాడు. నాకూ సిగ్గుగానే ఉండేది మరి.

మాకు నేర్పించే సారు కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాటకు ముందు ఒకసారి నశ్యం పీల్చేవాడు. మొదటి రోజు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఓపిక ఉండాదా?" అని మాత్రం అడిగాడు. ఉందన్నాను. "అయితే గాజులు తీసెయ్. పగిలి ముక్క లోపల పడితే మోటారు సచ్చిపోతాది."

ఇంటికి వెళ్ళి అత్తకు చెబుతూ భయపడ్డాను. పెళ్ళైనదాన్ని, బోసిచేతులతో ఊళ్ళో తిరిగితే ఎవరైనా ఏమైనా అంటారు. అత్త దారానికి పసుపు రాసి నా రెండు చేతులకూ కట్టింది. "ఎవురన్నా అడిగితే మా అత్త మొక్కుబడి అని సెప్పు," అంది. అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాను. ఏ దేవుడికి మొక్కుబడో ఎవరూ అడగలేదు.

వైండింగు అంటే ఏమిటో తెలియనివాళ్ళకు రెండు మాటల్లో చెబుతాను. మోటారు లోపల ఇనుప గొట్టానికి లోపలివైపు చుట్టూ సన్నటి గాళ్ళు, అంటే చీలికలు, ఉంటాయి. ఆ గాళ్ళలో రాగితీగను లెక్కప్రకారం చుట్టలు చుట్టలుగా కూర్చాలి. కాలిన మోటారు అంటే ఆ తీగ కాలినట్టు. పాతది పెరికి, గాళ్ళు శుభ్రం చేసి, కొత్త తీగ కూర్చాలి. వినడానికి అంతే. కానీ తీగ మీద గోరు తగిలి పొర లేచినా, ఒక చుట్ట తక్కువైనా, చేసిన పనంతా వృథా.

నేను చుట్టిన మొదటి మోటారు స్విచ్ వేయగానే గుర్రుమంది, తర్వాత పొగ వదిలింది. క్లాసంతా కిటికీల దగ్గరకు పరిగెత్తింది. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, పొగకో సిగ్గుకో నాకే తెలీదు. సారు మాత్రం నింపాదిగా నశ్యం పీల్చి, "అయింది గదా. ఇంక పెరుకు," అన్నాడు.

"ఎందుకు కాలింది సార్?"

"పెరుకుతా ఉంటే నీకే తెలుస్తాది."

తెలిసింది. చుట్టలు లోపలికి తోసేటప్పుడు నేను తొందరపడి చెక్కముక్కతో గట్టిగా నొక్కాను. ఒకచోట తీగ ఒరుసుకుపోయింది. ఆ చోటు వేలితో తడిమి చూసిన తర్వాత మళ్ళీ ఎప్పుడూ తొందరపడలేదు. రెండో మోటారు తిరిగింది. చెయ్యి ఆనించి చూస్తే పిల్లి గురగురమన్నట్టు సన్నగా అదురుతోంది. సారు దానికి చెవి ఆనించి విని, ఇంకో మోటారు తెచ్చి నా ముందు పెట్టాడు. ఆయన మెచ్చుకోవడం అంటే అదేనని తోటివాళ్ళు చెప్పారు.

తోటివాళ్ళు మంచివాళ్ళే. మొదట్లో నాకు దూరంగా కూర్చునేవాళ్ళు. మోటారు పొగ వదిలిన రోజునుంచి దగ్గరకు జరిగారు. వాళ్ళలో ఇద్దరు అన్నదమ్ములుండేవాళ్ళు, బి.కొత్తకోట వైపు రైతుబిడ్డలు. బరువు ఎత్తాల్సి వస్తే, "అక్కా, నువ్వు జరుగు," అని వాళ్ళే ఎత్తేవాళ్ళు. నేను ఇంటినుంచి రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి ఎక్కువగా తెచ్చేదాన్ని. మధ్యాహ్నానికి గిన్నె ఖాళీ.

చదువు ముగియబోతుండగా కుప్పంలో ప్రదర్శన అన్నారు. జిల్లాలో మా కాలేజీ లాంటివి, వృత్తివిద్య నేర్పేవి అన్నీ అక్కడికి వచ్చి, తమ పిల్లలు ఏం నేర్చుకున్నారో జనం ముందు చేసి చూపించాలి. బాగా చేసినవాళ్ళకు బహుమతి. సారు నన్నూ ఆ అన్నదమ్ములిద్దరినీ ఎంచుకున్నాడు. ఇంట్లో చెబితే మా ఆయన, అంత దూరమా అన్నాడు. అంతవరకు నేను పలమనేరు దాటి ఎరగను. అత్త మాత్రం అప్పటికే సంచి సర్దుతోంది.

"నువ్వు కూడా వస్తావా అత్తా?"

"రాకుండా? కుప్పంలో నాకు చిన్నమ్మ కూతురుండాది. ఆడ పడుకుంటాం."

మదనపల్లె నుంచి బస్సులో సారు, అన్నదమ్ములు వచ్చారు. పుంగనూరులో మేమిద్దరం ఎక్కాం. పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేసరికి బస్సులో తెలుగు, కన్నడం, తమిళం మూడూ కలిసిపోయాయి. కండక్టరు ఒకరితో ఒక భాషలో మొదలుపెట్టి ఇంకో భాషలో చిల్లర ఇచ్చేవాడు.

ప్రదర్శన ఒక బడి మైదానంలో. షామియానాలు వేశారు. మా వంతు చోటులో ఒక మోటారు విప్పి పెట్టుకుని, వచ్చినవాళ్ళకు ఎలా చుడతారో చూపిస్తున్నాం. జనం నిలబడి చూసి పోతున్నారు. పక్క చోటులో ఎవరో కొయ్యతో బొమ్మలు చేస్తున్నారు, పిల్లలంతా అక్కడే. మాకు కొంచెం చిన్నతనంగానే ఉంది.

మధ్యాహ్నం ముందు ఒకామె వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. ముక్కుకు రెండు వైపులా పుడకలు, నెత్తిన తుండుగుడ్డ. ఆమె బొమ్మల వైపు చూడలేదు, నేరుగా మా దగ్గరికే వచ్చింది. సగం తమిళం, సగం తెలుగు కలిపి మాట్లాడింది. ఊరి పొలిమేరలోనే ఆమెకు మల్బరీ తోట ఉందట. ఇంట్లో పట్టుపురుగులు పొర విడిచే చివరి నిద్ర లేచి ఆకు తెగ తింటున్నాయట. ఇంకొన్నాళ్ళలో గూళ్ళు కట్టాలి. ఇప్పుడు బోరు మోటారు కాలిపోయింది. మెకానిక్కు సంతకు పోయి ఇంకా తిరిగి రాలేదట.

"నీంగ చేస్తారా?" అంది నన్ను చూసి. తర్వాత సారును చూసింది. మళ్ళీ నన్నే చూసింది. నా చేతుల్లో తీగ ఉంది మరి.

మేము తెచ్చుకున్న తీగ సాధారణ మోటార్లకు పనికొచ్చేది. బోరులో నీళ్ళలో మునిగి ఉండే మోటారుకు వేరే తీగ కావాలి, పైన ప్లాస్టిక్ పొర ఉండేది. దాని గాళ్ళు కూడా ఇరుకు, తీగను ఒక వైపు నుంచి దూర్చి రెండో వైపు లాగుతూ పోవాలి. మేము కాలేజీలో అది నేర్చుకున్నాం గానీ బయటి మోటారు మీద ఎన్నడూ చేయలేదు. సారు నశ్యం డబ్బీ తీశాడు, మూశాడు.

అత్త ఆ పక్కనే కూర్చుని ఉంది. ఆ ముసలామెకు తన పీట జరిపి ఇచ్చి, ఆమె ముఖం చూస్తూ నెమ్మదిగా అంది: "పంట కండ్ల ముందర ఎండిపోయేది నేను సూసినా. సారూ, సెయ్యండి."

సారు నా వైపు తిరిగాడు. "నా వేళ్ళు ముసలివైపోయినాయి. ఆ ఇరుకులో దూరవు. నీవి సన్నవి. నువ్వు సుట్టు, నేను పక్కనుంటా."

సరేనన్నాను.

ఊరివాళ్ళు మోటారును బోరునుంచి పైకి లాగి, ఎద్దులబండిలో వేసి మైదానానికే తెచ్చారు. ఆ బండి లోపలికి రావడంతో ప్రదర్శన చూడవచ్చినవాళ్ళలో సగంమంది మా చుట్టూ చేరారు. అన్నదమ్ములు ఊళ్ళోకి పరిగెత్తి కొట్లన్నీ తిరిగి కావాల్సిన తీగ తెచ్చారు. మోటారు విప్పితే నల్లటి నీళ్ళు, కాలిన వాసన. లోపలి చుట్టలు బొగ్గయిపోయి ఉన్నాయి. ముసలామెను అడిగితే, మాటిమాటికీ ఆగిపోతోందని తోట కాపలా మనిషి స్టార్టరులో పుల్ల దోపాడని తెలిసింది. కరెంటు సరిగా లేనప్పుడు మోటారును ఆపి కాపాడేదే స్టార్టరు. పుల్ల దోపడంతో మోటారు ఆగలేదు, కాలింది.

"ఇంక పుల్ల పెట్టొద్దవ్వా," అన్నాను.

"అయ్యో, పెట్టమాట్టేన్," అని చెంపలేసుకుంది. పెట్టనంటోందని అందరికీ అర్థమైంది.

ఆ సాయంత్రం చీకటి పడేదాకా, మళ్ళీ తెల్లారగానే మొదలుపెట్టి, తీగ దూర్చడమే పని. ఒక వైపు నేను, రెండో వైపు అన్నదమ్ముల్లో తమ్ముడు కూర్చున్నాం. నేను దూరిస్తే అతను లాగేవాడు. అన్న చుట్టల లెక్క పైకి చెబుతూ ఉండేవాడు, నేను మనసులో చెప్పుకునేదాన్ని, ఇద్దరి లెక్కా కలిస్తేనే తర్వాతి గాడికి పోయేవాళ్ళం. ఒకచోట కలవలేదు. మాట్లాడకుండా ఆ గాడి మొత్తం విప్పి మళ్ళీ చుట్టాం. వేళ్ళ చివర్లు ఎర్రగా పొంగాయి. అత్త మధ్యమధ్యలో కొబ్బరినూనె రాస్తానంటే, నూనె తీగకు అంటుకుంటుందని వద్దన్నాను. ఆమె నా నోట్లో ముద్దలు పెట్టింది, చిన్నపిల్లకు పెట్టినట్టు, అంతమంది ముందర. నేను తింటూనే చుట్టాను.

చుట్టడం అయ్యాక నీళ్ళ డ్రమ్ములో ముంచి పెట్టి పరీక్షించాం. సారు మీటరు ముల్లు చూసి నా వైపు తల ఊపాడు. ఎక్కడా తీగలోంచి నీళ్ళలోకి కరెంటు లీకు లేదు.

మోటారు బండి ఎక్కింది. వెనకాల మేము, మా వెనకాల జనం. ప్రదర్శన చూడవచ్చిన అధికారి ఒకాయన కూడా జీపులో వచ్చాడు. బోరులోకి మోటారు దించి, పైపులు బిగించి, మోటార్లకిచ్చే త్రీఫేజు కరెంటు కోసం తోటలోనే కూర్చున్నాం. ఆ వైపుకు అది మధ్యాహ్నం మాత్రమే ఇచ్చేవాళ్ళు. మల్బరీ ఆకులు వాలిపోయి ఉన్నాయి. ముసలామె ఒకటే అడుగుతోంది. "తణ్ణి వరుమా? నీళ్ళు వస్తాయా?"

"వస్తాయవ్వా," అని నేను. ఆ మాట ఆమెకు చెబుతున్నానో నాకు చెప్పుకుంటున్నానో.

కరెంటు వచ్చింది. సారు స్టార్టరు పక్కన నిలబడి, నొక్కమన్నట్టు నాకు సైగ చేశాడు. పచ్చ మీట నొక్కాను. లోతుల్లోంచి మోటారు తిరుగుతున్న అదురు పైపుకు అందింది. అందరూ పైపు మూతి చూస్తున్నారు. చాలాసేపటికి నీళ్ళు వచ్చాయి. వేలెడు లావున, ఏడుస్తున్నట్టు సన్నటి ధార.

జనంలో ఎవడో నవ్వాడు. "ఆడోళ్ళు సుట్టిన మోటారు, ఆడోళ్ళ మాదిరే సిగ్గుపడతాండాది!" ఆ నవ్వు ఒకరినుంచి ఒకరికి పాకింది. ముసలామె ముఖం వాడిపోయింది. నేను సారు వైపు చూశాను. ఆయన కళ్ళల్లో కంగారు లేదు. అది చూశాకే నా బుర్ర పనిచేసింది. మోటారు కాలలేదు, ఆగలేదు, తిరుగుతోంది. తిరుగుతూ కూడా నీళ్ళు తోయలేకపోతోందంటే? వెనక్కి తిరుగుతోంది!

"ఆపండి," అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలీదు. కరెంటు పూర్తిగా తీయించి, స్టార్టరు మూత విప్పి, మూడు తీగల్లో రెండింటిని ఒకదాని చోట ఒకటి మార్చి బిగించాను. అలా మారిస్తే మోటారు తిరిగే దిక్కు మారుతుంది. మూత వేశాను. మళ్ళీ పచ్చ మీట నొక్కాను.

ముందు పైపు దగ్గింది. తర్వాత గాలి. తర్వాత నీళ్ళు! తొడ లావున దూకి, కాలవ దాటి, ఎదురుగా నిలబడినవాళ్ళ పంచెల మీద పడ్డాయి. నవ్వినవాడు మొదట తడిశాడు. జనం వెనక్కి దూకారు, ఆ వెంటనే ఈలలు, చప్పట్లు. పిల్లలు ధార కిందికి దూరిపోయారు. అన్నదమ్ములిద్దరూ నన్ను ఎత్తుకోవాలని వచ్చి, ఆడమనిషినని గుర్తొచ్చి, సారును ఎత్తుకున్నారు. ఆయన గాలిలో, "డబ్బీ, డబ్బీ! పడిపోతాది, దించండ్రా!" అని అరుస్తున్నాడు. ముసలామె ధారలో చేతులు పెట్టి, ఆ తడిచేతులతోనే నా రెండు బుగ్గలూ పట్టుకుని ఏదో అంది. అంతా తమిళమే. ఒక్క ముక్క తెలియకపోయినా మొత్తం అర్థమైంది.

అత్త కాలవగట్టు మీద నిలబడి, వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెబుతోంది. "మా కోడలు. పుంగనూరు. మా కోడలే."

ఆ సాయంత్రం మైదానంలో బహుమతులిచ్చారు. మొదటిది మా కాలేజీకే. జీపులో వచ్చిన అధికారి నన్ను వేదిక మీదికి పిలిచి మాట్లాడమన్నాడు. మైకు దగ్గరకు పోయాను. "నాకు మాట్లాడేది రాదు, ఎవురిదన్నా మోటారు కాల్తే సెప్పండి, సుడతాను," అన్నాను. దానికి వచ్చినన్ని చప్పట్లు ఆ రోజు ఏ ఉపన్యాసానికీ రాలేదు.

సోమవారం కాలేజీకి పోయేసరికి ప్రిన్సిపాల్ మేడం గోడ మొత్తం తుడిచేసి మా వార్త ఒక్కటే రాసింది. బంకు దగ్గర ఎవరూ 'తొలి మహిళ' అనలేదు. బంకాయన గ్లాసు పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు.

"టీ తాగిపోమ్మా. మా బావ మోటారు ఒకటి ఉండాది, అది కూడా సూద్దువు."

మా ఆయన ఆ మధ్యాహ్నం నన్ను తీసుకుపోవడానికి కాలేజీ గేటు దాకా ఆటో తెచ్చి, హారన్ కొట్టి మరీ ఆపాడు. తర్వాతి నెలలో ఆటో వెనకాల ఎర్రరంగుతో రాయించాడు: 'ఇచట మోటార్లు వైండింగు చేయబడును.' ఆటోలోనే చేస్తారనుకుని కొందరు అతన్ని ఆపి అడిగేవాళ్ళు. చెరిపించమంటే వినలేదు.

పుంగనూరులో ఇంటి ముందర రేకులు దించి కొట్టు పెట్టాను. మొదట్లో రైతులు వచ్చి, "మెకానిక్కు యాడికి పోయినాడమ్మా?" అని అడిగేవాళ్ళు. "నేనే అప్పా, దించు," అంటే కాసేపు నిలబడి ఆలోచించేవాళ్ళు. ఒక్క ఎండాకాలం గడిచేసరికి ఆ అడగడం మానేశారు. ఊళ్ళో అంతకుముందు నుంచి ఉన్న మెకానిక్కే తనకు ఎక్కువైన మోటార్లు నా దగ్గరికి పంపేవాడు. పండగరోజు వాళ్ళింటినుంచి మాకు ఒబ్బట్లు వచ్చేవి.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు మా కాలేజీ షెడ్డులోంచి సొంత కట్టడంలోకి మారింది. సారు ఇంక రాలేనని ఇంట్లో కూర్చున్నాడు. మేడం నన్ను పిలిపించి, ఆయన చోటులో క్లాసు చెప్పమంది. నా క్లాసులో మొదటి ఏడాదే ఆడపిల్లలు చేరారు, ఎవరూ బలవంతపెట్టకుండా, తామే అడిగి. వాళ్ళల్లో ఒకతి పదో తరగతి మంచి మార్కులతో పాసైంది కూడా. ఇక్కడికి ఎందుకొచ్చావమ్మా అంటే, "ఈ పని ఇష్టం మేడం," అంది. మేడం అని నన్ను పిలవడం అదే మొదటిసారి. వెనక్కి తిరిగి చూశాను, ఎవరిని పిలుస్తోందా అని.

ఆ ఏడాది చివర్లో మా పుట్టింటి పల్లెలో తాగునీటి బోరు మోటారు కాలిపోయిందని పంచాయతీవాళ్ళు కాలేజీకి వచ్చారు. వాళ్ళు పంపిన ట్రాక్టరు ఎక్కి, నా విద్యార్థినులను వెంటబెట్టుకుని వెళ్ళాను. నేను చెయ్యి పెట్టలేదు. పిల్లలే విప్పారు, పెరికారు, చుట్టారు. వాదులాడుకున్నారు, మళ్ళీ లెక్కపెట్టారు. నేను సారులాగే పక్కన కూర్చుని నోరు మూసుకున్నాను. అది చుట్టడం కంటే కష్టమని అప్పుడు తెలిసింది.

వీధి కొళాయిల్లో నీళ్ళు వచ్చేసరికి ఊరంతా బిందెలతో బయటికొచ్చింది. నా చిన్నప్పుడు నాన్న ఎవరి గొర్రెలు మేపాడో ఆ ఇంటి పెద్దాయన వచ్చి, మా నాన్నను చెయ్యి పట్టుకుని తన పక్కన అరుగు మీద కూర్చోబెట్టుకున్నాడు. "నీ బిడ్డ ఊరికి నీళ్ళు తెచ్చిందప్పా," అన్నాడు.

"నా బిడ్డ కాదు, దాని కాడ సదివే పిల్లోళ్ళు," అన్నాడు నాన్న. అనడమైతే అన్నాడు గానీ తలపాగా తీసి దులిపి, మళ్ళీ కొత్తగా చుట్టుకున్నాడు. మా అమ్మ కొళాయి కింద చెంబు పెట్టి నింపి, మట్టి, మసి పూసుకుని నిలబడ్డ ఆ ఆడపిల్లలకు తెచ్చి ఇచ్చింది. "కాళ్ళు కడుక్కోండమ్మా, అన్నం తిందురు." వాళ్ళు కడుక్కోలేదు. ఒకరి మీద ఒకరు చల్లుకుంటూ, ఎవరు చుట్టిన చుట్ట బాగుందో ఇంకా వాదించుకుంటూ, వీధిలో ఆ చివరినుంచి ఈ చివరిదాకా పరుగెత్తారు.